ఇప్పుడు ఎవరూ ఫోన్ చెయ్యక్కర్లేదు

మా న్యూస్ ఎడిటర్ గారి టేబుల్ మీద రెండు ఫోన్లుండేవి. నల్లది ఆపరేటర్ కలిపితే మోగేది. రెండోది డైరెక్ట్ లైన్. ఆ నంబరు నలుగురైదుగురికే తెలుసు. రాత్రి ఎనిమిది దాటాక అది మోగిందంటే డెస్క్‌లో అందరి చెవులూ అటే. అవతల ఎవరున్నారో ఆయన మాట తీరును బట్టి చెప్పేసేవాళ్లం. "చెప్పండి సార్" అంటూ లేచి నిలబడితే మేనేజ్‌మెంట్. "ఏంటన్నా, చాన్నాళ్లకి" అంటే ఏ మంత్రిగారి పీఏనో. ఏమీ అనకుండా ఊఁ కొడుతూ డమ్మీ కాగితం (పేజీ నమూనా గీసుకునే కాగితం) మీద గళ్లు గీస్తూ కూర్చున్నారంటే యాడ్స్ మేనేజర్. ఫోన్ పెట్టేశాక మావైపు తిరిగి, "ఆ మూడో పేజీ ఐటెమ్ ఎవరి దగ్గరుందయ్యా?" అనేవారు. ఎవరి దగ్గరుందో వాడి మొహం మాడిపోయేది.

తొంభైల మొదట్లో సంగతి ఇది. నల్లగొండ నుంచి వచ్చి, చిక్కడపల్లిలో ఇంకో ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉంటూ, ఒక తెలుగు దినపత్రికలో సబ్ ఎడిటర్‌గా చేరాను. పేపరు పేరు చెప్పను. చెప్పినా ఇప్పుడు ఎవరికీ ఒరిగేదేం లేదు. సాయంత్రానికి గౌలిగూడ బస్టాండ్ నుంచి విలేకరుల కవర్లు వచ్చేవి. తెల్ల కాగితాల మీద, ఎవరివో లెటర్‌ప్యాడ్ల మీద, ఒక్కోసారి బడి పిల్లల పరీక్ష పేపర్ల వెనకవైపు రాసిన వార్తలు. బస్సులో ఎవరి టిఫిన్ పక్కన పెట్టేవారో ఏమో, సగం కవర్లకి నూనె మరకలుండేవి. ఆ మరకల మధ్య అక్షరాలు కూడబలుక్కుంటూ తిరగరాయడమే మా పని.

నేను చేరేనాటికి ఆంధ్రపత్రిక మూతపడి ఎన్నాళ్లో కాలేదు. 1908లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మొదలుపెట్టిన పత్రిక 1991లో ఆగిపోయింది. అంతటి పేపరుకే ఆ గతి పడితే మన సంగతేంటని డెస్క్‌లో రోజూ చర్చే. మా న్యూస్ ఎడిటర్ గారిది గుంటూరు జిల్లా. ఆయన ఒకటే మాట అనేవారు. "పంతులుగారికి అమృతాంజనం ఉందయ్యా. తలనొప్పి మందు అమ్మి పేపరు నడిపాడు, ఇంకెవడికి భయపడాలి? మనకే అంజనం ఉంది చెప్పు?" మేం నవ్వేవాళ్లం. నవ్వుతూనే ఉన్నాం గానీ, పత్రికా స్వాతంత్ర్యం మీద తర్వాత నేను విన్న సెమినార్ ఉపన్యాసాలన్నీ కలిపినా ఇంతకంటే ఎక్కువేం చెప్పలేదు. నీకు డబ్బులిచ్చేవాడెవడు, వాణ్ణి నువ్వు కాదనగలవా? మిగతావన్నీ ఆ తర్వాతే.

అప్పట్లో నగరంలో ఫైనాన్స్ కంపెనీలు వీధికొకటి ఉండేవి. అందులో ఒకటి మాకు తరచూ ఫుల్ పేజీ యాడ్స్ ఇచ్చేది. కాలపరిమితి తీరినా ఆ కంపెనీ డిపాజిట్లు తిరిగివ్వడం లేదని మా సిటీ రిపోర్టర్ ఒకడు పట్టుకొచ్చాడు. వట్టి మాటలు కాదు. కోఠిలో ఉన్న బ్రాంచి చుట్టూ తిరిగి, పెన్షన్ డబ్బులు పెట్టి మునిగిన ముసలివాళ్లతో మాట్లాడి, రసీదుల జిరాక్సులు కట్టగా తెచ్చాడు. కాపీ నా దగ్గరికే వచ్చింది. శీర్షిక పెట్టేలోపు డైరెక్ట్ లైన్ మోగింది. కాసేపటికి యాడ్స్ మేనేజర్ ఏకంగా మెట్లెక్కి డెస్క్‌కే వచ్చేశాడు.

"మీ జీతాలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయనుకుంటున్నారండీ?" అని అందరి ముందే అడిగేశాడు.

మా న్యూస్ ఎడిటర్ గారు తలెత్తకుండానే, "అక్కణ్ణుంచే. అందుకే మొదటి పేజీలో వెయ్యట్లేదు. అయిదో పేజీలో వేస్తున్నా" అన్నారు.

మర్నాడు అయిదో పేజీలో అడుగున సింగిల్ కాలమ్‌లో వచ్చింది. కంపెనీ పేరు చివరి పేరాలో. జిరాక్సులు తెచ్చిన రిపోర్టర్ చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ చివరి పేరా చదివి బ్రాంచి ముందు జనం లైను కట్టారని మాత్రం ఆ రిపోర్టరే వచ్చి చెప్పాడు. అది గెలుపో ఓటమో నేనిప్పటికీ తేల్చుకోలేదు. ఎంత తగ్గామో, ఎవరి కోసం తగ్గామో, ఎక్కడ ఇక తగ్గబోమన్నామో డెస్క్‌లో అటెండర్‌తో సహా అందరికీ తెలుసు. ఒత్తిడికి ఒక మనిషి ఉండేవాడు, ఒక గొంతు ఉండేది. దానితో బేరం ఆడొచ్చు, పోట్లాడొచ్చు, వినపడనట్టు నటించొచ్చు. ఈ మూడూ మా న్యూస్ ఎడిటర్ గారికి వెన్నతో పెట్టిన విద్య.

రాత్రి డ్యూటీ అయ్యాక టీ కోసం కాచిగూడ స్టేషన్ దాకా నడిచేవాళ్లం. మాతో ఒక పెద్ద ప్రూఫ్ రీడర్ వచ్చేవారు. ఉర్దూ మీడియంలో చదువుకుని, తెలుగు ప్రూఫులు దిద్దే పాత హైదరాబాదీ. ఒత్తు పోతే ఊరుకునే మనిషి కాదు. ఒకసారి నేను మా ఫైనాన్స్ కంపెనీ గొడవ గురించి ఆవేశంగా మాట్లాడుతుంటే, కాచిగూడ దగ్గర ఆగి, "షోయబుల్లాఖాన్‌ను ఈ ఇలాకలనే కొట్టిండ్రు, ఎరికేనా?" అన్నారు. పేరు విన్నాను గానీ వివరంగా తెలియదు. ఆయన చెప్పుకొచ్చారు. మందుముల నరసింగరావు గారి 'రయ్యత్' అనే ఉర్దూ పత్రికలో పనిచేశాడట. నిజాం సర్కారు దాన్ని మూయించాక సొంతంగా 'ఇమ్రోజ్' పెట్టాడు. హైదరాబాద్ సంస్థానం ఇండియన్ యూనియన్‌లో కలవాలనీ, రజాకార్ల ఆగడాలు ఆపాలనీ రాశాడు. 1948 ఆగస్టు 21 రాత్రి ఆఫీసు నుంచి ఇంటికి వెళుతుంటే కాల్చి, చేతులు నరికేశారు. తెల్లారేలోపు ప్రాణం పోయింది. అప్పటికి ముప్పై ఏళ్లు నిండలేదు. నెల తిరక్కుండానే పోలీస్ యాక్షన్ జరిగి సంస్థానం కలిసిపోయింది.

"మనకు ఫోనే వస్తుంది బేటా, షుక్రియా చెప్పుకో" అని నవ్వి, టీ డబ్బులు ఆయనే ఇచ్చారు.

హైదరాబాద్ ఆఫీసులో మేం ఎంత గింజుకున్నా, అసలు ఊపిరి ఆడనిది మాత్రం కింద మండలాల్లో వార్తలు పంపే కంట్రిబ్యూటర్లకి. బయటివాళ్లకి ఈ సంగతి అంతగా తెలియదు. జీతం ఉండదు. అచ్చయిన వార్తని కొలిచి లైన్ అకౌంట్ ఇచ్చేవారు, అది పెట్రోలుకి కూడా సరిపోయేది కాదు. దాని మీద పంద్రాగస్టుకీ, ఉగాదికీ, పేపరు వార్షికోత్సవానికీ యాడ్స్ టార్గెట్. మా వైపు కుర్రాడే ఒకడు బషీర్‌బాగ్ దేశోద్ధారక భవన్‌లో యూనియన్ మీటింగ్‌కి వచ్చి నన్ను కలిశాడు. వాళ్ల ఊళ్లో రైస్ మిల్లులో రేషన్ బియ్యం పట్టి మళ్లీ అమ్ముతున్నారని అందరికీ తెలుసు. రాయవేంరా అని అడిగాను.

"రాస్తనన్నా. మరి వచ్చే ఉగాదికి ఆయన ఇచ్చే క్వార్టర్ పేజీ యాడ్ నువ్విస్తవా?"

నా దగ్గర జవాబు లేదు. మిల్లు యజమానికి ఇక ఎవరికీ ఫోన్ చెయ్యాల్సిన పనే లేదు కదా. వార్త పుట్టకముందే ఆగిపోయింది.

2009 ఎన్నికలనాటికి ఆ జబ్బు పైకి పాకింది. డబ్బు తీసుకుని వార్తలు వేసేందుకు అభ్యర్థులకి ప్యాకేజీలు, ప్యాకేజీకి తగ్గట్టు ఫొటో సైజులు. ఒకే జిల్లా పేజీలో పైన ఒకాయనకి జనం బ్రహ్మరథం, కింద ఆయన ప్రత్యర్థికీ జనం బ్రహ్మరథం. పేజీ పెట్టేవాడు ఏం చేస్తాడు? రెంటికీ ఒకే శీర్షిక పడకుండా చూసుకుంటాడు, అంతే. దీనిమీద ప్రెస్ కౌన్సిల్ వేసిన ఉపసంఘంలో ఇద్దరే సభ్యులు. ఒకరు పరంజయ్ గుహా ఠాకుర్తా, రెండోవారు మన తెలుగు పాత్రికేయులు కె. శ్రీనివాసరెడ్డి గారు. పేర్లతో సహా రాసిన ఆ నివేదికని ప్రెస్ కౌన్సిల్ 2010లో పూర్తిగా బయటపెట్టలేదు. మరుసటి ఏడాది కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాక గానీ పెట్టలేదు. పత్రికల గురించిన నిజం బయటికి రావడానికి సమాచార హక్కు చట్టం కావాల్సి వచ్చింది. ఆ వార్త ఎన్ని పత్రికలు ఎంత పెద్దగా వేశాయో వేరే చెప్పాలా.

తర్వాత కొన్నేళ్లకి ప్రింట్‌లో మనుషుల్ని తగ్గిస్తూ నన్ను వెబ్ డెస్క్‌కి సర్దారు. మాదాపూర్ వైపు అద్దాల ఆఫీసు. చుట్టూ మా అబ్బాయి వయసు పిల్లలు. సగం మంది ఇంజినీరింగ్ చదివి, రాతంటే ఇష్టంతో వచ్చినవాళ్లు. ముందు నాకు భలే నచ్చింది, అబద్ధమెందుకు. బస్సు కవర్లు లేవు, సిటీ ఎడిషన్ డెడ్‌లైన్ లేదు. తప్పు దొర్లితే అప్పటికప్పుడు సరిదిద్దొచ్చు. జీవో కాపీ దొరికితే వార్త కిందే స్కాన్ పెట్టొచ్చు, నమ్మనివాడు తనే చదువుకుంటాడు. సంక్షేమ హాస్టళ్లలో మెస్ బిల్లుల బకాయిల గురించి సమాచార హక్కు కింద తెచ్చిన లెక్కలు వేస్తే, దుబాయ్‌లో ఉన్న ఒకాయన తమ ఊరి హాస్టల్ ఫొటోలు పంపించాడు. పేపర్లో అయితే ఆయనకి ఆ వార్తే చేరేది కాదు.

గోడమీద ఒక పెద్ద స్క్రీన్ ఉండేది. ఈ నిమిషంలో ఏ వార్తని ఎంతమంది చదువుతున్నారో అందులో అంకెలు కదులుతుండేవి. పైకెళ్లేవాటికి ఆకుపచ్చ బాణం, దిగేవాటికి ఎర్ర బాణం. ఇరవై ఏళ్లకు పైగా నా వార్త ఎంతమంది చదివారో తెలియకుండా పనిచేసినవాణ్ణి నేను. ఆ స్క్రీన్ ముందు మొదటి వారం సినిమా చూసినట్టు కూర్చున్నాను. తర్వాత మెల్లగా డెస్క్ మారడం గమనించాను. ఎవరో హీరోయిన్ విడాకుల పుకారుకి ఆకుపచ్చ బాణం. హాస్టల్ మెస్ బిల్లులకి రెండో రోజు నుంచే ఎర్ర బాణం. ఆ రెండో వార్త ఆపమని ఎవరూ చెప్పలేదు. పై అంతస్తు నుంచి ఫోన్ రాలేదు. యాడ్స్ మేనేజర్ మెట్లెక్కలేదు, ఆ పిల్లలకి ఆయన మొహమే తెలియదు. గూగుల్ యాడ్స్ ఎవరి వార్త పక్కన పడతాయో ఎవరి చేతిలోనూ లేదు. అయినా నెల తిరిగేసరికి హాస్టళ్ల వార్తలు తగ్గిపోయాయి, శీర్షికల్లో 'షాకింగ్' పెరిగిపోయింది. ఇదెవరు చేశారంటే వేలెత్తి చూపించడానికి మనిషి లేడు.

మేనేజ్‌మెంట్‌తో తగువాడటం మా తరంలో కొందరికి వచ్చింది. మంత్రిని కాదనడం ఇంకా తక్కువమందికి వచ్చింది. పాఠకుణ్ణి కాదనడం మాత్రం ఎవరూ నేర్పలేదు. పైగా పాఠకుడే దేవుడని చెప్పి పెంచారు మమ్మల్ని.

అది చేసిన పిల్లని ఒకర్తెని చూశాను. 2018 మే నెల. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందని వాట్సాప్‌లో ఎక్కడెక్కడివో వీడియోలు. మా ఇంటి వాచ్‌మన్ దగ్గర్నుంచి మా చెల్లెలి దాకా అందరి ఫోన్లలోనూ అవే. జనం గూగుల్‌లో అదే వెతుకుతున్నారు. మిగతా సైట్లలో కొన్ని 'మీ పిల్లలు జాగ్రత్త' అని వీడియోతో సహా పెట్టేశాయి. స్క్రీన్ మీద మా అంకెలు పడిపోతున్నాయి. షిఫ్ట్ ఇన్‌ఛార్జి, పాపం ఆయనకీ నెలాఖరు రిపోర్ట్ టెన్షన్, "మనమూ పెట్టేద్దాం, కింద 'ప్రచారం జరుగుతోంది' అని రాద్దాం" అన్నాడు. ఆ మాటతో మా రోజుల్లోనూ చాలా గాలి వార్తలు గట్టెక్కాయి.

ఆ అమ్మాయి చేరి ఏడాది కూడా కాలేదు. హెడ్‌ఫోన్ తీసి, "సార్, కంట్రోల్ రూమ్‌కి చేశాను. రెండు స్టేషన్లకి కూడా చేశాను. ఒక్క కేసు కూడా లేదంటున్నారు. ఈ వీడియో మన దేశానిదే కాదేమో సార్, బోర్డుల మీద భాష చూడండి" అంది. వీడియోని ఆపి, జూమ్ చేసి చూపించింది. ఒక షట్టర్ మీద అక్షరాలు. మనవి కావు. ఇన్‌ఛార్జి కాసేపు ఆ షట్టర్ వంక చూశాడు, కాసేపు గోడ మీద స్క్రీన్ వంక చూశాడు. చివరికి, "సరే, లేదనే రాయి" అన్నాడు. 'పిల్లలనెత్తుకుపోయే ముఠా లేదు, నమ్మొద్దు: పోలీసులు' అని పెట్టింది. అంకెలేమీ రాలేదు. ఎర్ర బాణం కూడా రాలేదు, అసలు పైకి లేస్తే కదా దిగడానికి.

అదే నెలాఖరులో చాంద్రాయణగుట్ట దగ్గర, పిల్లల్ని ఎత్తుకుపోవడానికి వచ్చిందన్న అనుమానంతో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని గుంపు కొట్టి చంపేసింది. పొట్టకూటి కోసం వచ్చిన మనిషి. జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒకేసారి అయిదు చాట్లకి మించి ఫార్వర్డ్ చెయ్యకుండా కట్టడి పెట్టింది. మా డెస్క్‌లో ఆ అమ్మాయి రాసిన నాలుగు పేరాలు ఎవరినైనా ఆపాయో లేదో ఎలా తెలుస్తుంది? దాన్ని కొలిచే బాణం ఆ స్క్రీన్‌లో లేదు.

సర్కారు వైపు నుంచి వచ్చే ఒత్తిడి పోయిందనుకుంటే అమాయకత్వమే. ఫేస్‌బుక్‌లో ఒక పోస్టు పెట్టినందుకు మనుషుల్ని లోపలేసిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది. 2021లో కొత్త ఐటీ రూల్స్‌లో డిజిటల్ వార్తల్నీ చేర్చారు. తమ గురించిన వార్తల్లో ఏది అబద్ధమో తామే తేలుస్తామంటూ కేంద్రం పెట్టబోయిన ఫ్యాక్ట్ చెక్ యూనిట్‌ని బొంబాయి హైకోర్టు 2024లో కొట్టేసింది. కోర్టుల దాకా వెళ్లే ఈ పోరాటాలు మనకి కనబడతాయి, ఎవరో ఒకరు నిలబడతారు. నా బెంగ గోడ మీది స్క్రీన్ గురించి. దాని మీద ఏ కోర్టుకి వెళ్తాం?

2020 లాక్‌డౌన్‌లో చాలా పేపర్లు పేజీలు తగ్గించాయి, జిల్లా అనుబంధాలు ఆపేశాయి. నేను రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్నాను కాబట్టి గౌరవంగానే బయటపడ్డాను. ఫైనాన్స్ కంపెనీ రసీదులు తెచ్చిన ఆ రిపోర్టర్‌కి ఆ అదృష్టం కూడా లేదు, ఫోన్‌లోనే రాజీనామా అడిగారు. వాడు మాత్రం కుంగిపోలేదు. విద్యానగర్‌లో తమ ఇంటి ముందు గదిలో గోడకి ఆకుపచ్చ గుడ్డ కట్టి యూట్యూబ్ ఛానల్ పెట్టేశాడు. వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగు వేల గంటల వాచ్ టైమ్ వస్తే యాడ్స్ డబ్బులు వస్తాయన్నారు, వాటి కోసం బంధువులందర్నీ ఫోన్ చేసి పీడించాడు. వచ్చాయి. ఆ రోజు నన్ను పిలిచి మిర్చిబజ్జీలు తినిపించి, "ముప్పై ఏళ్లకి నాకు ఓనరు లేడురా" అన్నాడు.

ఏడాది పాటు చూడముచ్చటగా నడిచింది. నాలాల కబ్జాలు, ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు, డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ల జాబితాలు. తర్వాత ఒక పార్టీ నాయకుణ్ణి ఏకిపారేసిన వీడియో ఒకటి ఊపందుకుంది. ఆ పార్టీ అంటే పడనివాళ్లంతా వచ్చి చేరారు. "నువ్వేరా అసలైన జర్నలిస్టువి" అని కామెంట్లు. వాళ్లకి ఇంకోటి కావాలి, ఇంకోటి చేశాడు. కొన్నాళ్లకి అవతలి పార్టీవాళ్ల భూముల వ్యవహారం ఒకటి పక్కా కాగితాలతో దొరికితే, అదీ పెట్టాడు. ఆ రాత్రే సబ్‌స్క్రైబర్లు జారిపోవడం మొదలైంది. 'ఎంతకి అమ్ముడుపోయావ్' అని బూతులు. నాకు ఫోన్‌లో గ్రాఫ్ చూపించాడు.

"చూశావా, ఆ ఓనరు ఒక్కడే ఉండేవాడు. వీళ్లు యాభై వేలమంది. ఆయనైతే కనీసం ఫోన్ చేసి తిట్టేవాడు, వీళ్లు చెప్పకుండా పోతారు."

అప్పుడే మా న్యూస్ ఎడిటర్ గారి అమృతాంజనం మాట ఇద్దరికీ గుర్తొచ్చి పగలబడి నవ్వుకున్నాం. ఒకప్పుడు నెల పేపరు బిల్లు కట్టేవాళ్లం, అందులో కొంత పాత పేపర్లు తూకానికి అమ్మితే తిరిగొచ్చేది. ఆ బిల్లుతో పేపరు అచ్చు ఖర్చు కూడా గిట్టేది కాదు, మిగతాది యాడ్స్ భరించేవి. ఇప్పుడు ఆ బిల్లు కూడా లేదు. వార్త ఉచితం కావాలి, నిఖార్సుగా ఉండాలి, మన కులానికీ పార్టీకీ గుచ్చుకోకుండా ఉండాలి. ఈ మూడూ కలిపి ఎక్కడా దొరకవు, ఎవర్నడిగినా చెబుతారు. మన హైదరాబాద్ నుంచే ఫ్యాక్ట్‌లీ లాంటివాళ్లు ప్రభుత్వ లెక్కలు తవ్వి, వాట్సాప్ పుకార్లని తెలుగులో తేల్చి పెడుతున్నారు. మా ఫ్యామిలీ గ్రూపులో వాటి లింకు పెడితే చదివేవాళ్లు తక్కువ, "నువ్వు కూడా వాళ్ల మనిషివేనా" అనేవాళ్లు ఎక్కువ.

మావాడు ఇప్పుడు ఇంకో పద్ధతి పట్టాడు. యాడ్స్ వచ్చినా రాకపోయినా నడిచేటట్టు, ఇష్టమున్నవాళ్లు నెలకి వంద రూపాయలు యూపీఐలో పంపమన్నాడు. ఎవరు ఎంత పంపారో, ఆ డబ్బు దేనికైందో నెలనెలా చదివి వినిపిస్తాడు. మొన్న అలా పంపేవాళ్లలో ఒక రిటైర్డ్ లెక్చరర్ ఫోన్ చేసి, "నెలనెలా డబ్బులిస్తున్నా కదా, మా ఎమ్మెల్యే మీద అలా మాట్లాడతావేంటయ్యా" అని దబాయించాడట. మావాడు ఆ నెల వంద ఆయనకి తిరిగి పంపేసి, వీడియో అలాగే ఉంచాడు.

"వంద పోతే పోయింది. ఎవరో ఒకరు ఫోన్ చేసి తిట్టారు, అదే సంతోషం" అంటాడు.

వచ్చేవారం భువనగిరి వైపు ఒక హాస్టల్‌కి వెళ్తున్నాడు. మెస్ బిల్లులు ఇంకా రాలేదని అక్కణ్ణుంచి ఎవరో కాగితాలు పంపారు. కాపీ చూడ్డానికి నన్నూ రమ్మన్నాడు, పెట్రోలు సగం నాదేనన్నాడు.